పెరిగిన ధరా, పెంచిన ధరా?

‘పెరుగు’ అనే ధాతువు అకర్మకం. ‘పెంచు’ సకర్మకం. మొక్క పెరుగుతుంది, పిల్లవాడు పెరుగుతాడు, ఏరు పెరుగుతుంది. ఈ వాక్యాల్లో చేసేవాడు వేరే అక్కర్లేదు. పెంచడానికి మాత్రం ఎవడో ఒక కర్త కావాలి. తెలుగు పాఠం చెప్పే నాబోటివాడికి ఇది రోజూ చేసే పనే గనుక, పత్రికల్లో ఒక విచిత్రం కనిపిస్తూ వుంటుంది. కార్మికులు సమ్మె చేశారు, రైతులు రోడ్డు కడ్డంగా కూర్చున్నారు, విద్యార్థులు తరగతులు బహిష్కరించారు అని రాసేటప్పుడు కర్తలు స్పష్టంగా వుంటారు. పెట్రోలు దగ్గరికి వచ్చేసరికి “ధర పెరిగింది” అని వూరుకుంటారు. నిన్న రాత్రి కురిసిన వానకు గోదావరి పెరిగినట్టు పెట్రోలు ధర కూడా తనంతట తాను పెరిగిందన్నమాట!

ఈ వాక్యంలో లోపించిన కర్త ఎవరో చరిత్రను అడిగి తెలుసుకోవాలని నా ప్రయత్నం. నేను అర్థశాస్త్రం బోధించేవాణ్ణి కాను. అయినా ధర అనేది గణితం మాత్రమే కాదు, అధికార సంబంధం కూడాను. దానికి పుట్టుక వుంది, పెంపకం వుంది, కథ వుంది. కథను చదవడం మనకు చేతనైన పనే.

ముందుగా, వాడుకలో వున్న రెండు సమాధానాలను చూద్దాం. మొదటిది మార్కెట్టు పండితులది: గిరాకీ ఎక్కువై సరుకు తక్కువైతే ధర పెరుగుతుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు. రెండోది మన సభల్లో తరచుగా వినిపించేది: గుత్త కంపెనీల దురాశే దీనికంతకూ మూలం. రెంటిలోనూ నిజం వుంది. అయితే రెండూ బద్ధకపు సమాధానాలే. మొదటిది కర్తను దాచేస్తే, రెండోది ఒకే కర్తను అన్ని కాలాలకూ అతికిస్తుంది.

మన దేశంలో చమురు ధరల కథ పెట్రోలుతో కాక కిరసనాయిలుతో మొదలౌతుంది. 1927 లో న్యూయార్కు స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ సోవియట్ రష్యా నుంచి చవకగా కిరసనాయిలు కొని ఇండియాలో అమ్మసాగింది. షెల్ కంపెనీ అధిపతి హెన్రీ డెటర్డింగ్‌కు ఇది కంటగింపు అయింది. విప్లవంలో రష్యాలోని తమ చమురుబావులు పోయిన కోపం ఆయనకు ఎలాగూ వుంది. ఇండియా బజారులో ధరలు తెగ్గోసి పోటీకి దిగాడు. యుద్ధం ఇతర దేశాలకూ పాకింది. అంటే, కొంతకాలం పాటు పోటీ నిజంగానే ధరలను తగ్గించింది.

కాని పెట్టుబడిదారులు తమ గ్రంథాల్లో పోటీని ఎంత పొగుడుకున్నా, తమ వ్యాపారంలో దాన్ని ఎంతోకాలం సహించరు. 1928 సెప్టెంబరులో స్కాట్లండులోని ఆక్నాకారీ కోటలో షెల్, ఆంగ్లో-పెర్షియన్, న్యూజెర్సీ స్టాండర్డ్ కంపెనీల పెద్దలు సమావేశమయ్యారు. బజారులో ఎవరి వాటా ఎంత వుందో అంతే వుండాలనీ, ఒకరి మీద ఒకరు పోటీకి పోరాదనీ ఒప్పుకున్నారు. ఆ ఏడాదే ఇండియాలో అమ్మకాలకు బర్మా ఆయిల్, షెల్ కలిసి బర్మా-షెల్ సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి.

ఆ రోజుల్లో స్థిరపడ్డ ధరల పద్ధతి ఒకటి వుంది. దాన్ని అర్థం చేసుకుంటే తరవాత కథంతా తేలిక. ప్రపంచంలో ఏ మూల తీసిన చమురుకైనా, దాన్ని అమెరికాలోని మెక్సికో సింధుశాఖ దగ్గర కొని అక్కడినుంచి ఓడలో తెచ్చినట్టే ధర కట్టేవారు. పక్కనే వున్న ఇరాన్ నుంచి బొంబాయికి వచ్చిన సరుకుకు కూడా లెక్క అమెరికా రేవునుంచే. ఓడ నడవని దూరానికి బాడుగ కంపెనీ జేబులో పడేది. మన వూరి గానుగలో ఆడిన నువ్వులనూనెను రాజమండ్రి నుంచి తెప్పించినట్టు చెప్పి, రాని బండికి కిరాయి, కారని డబ్బాకు తరుగు వసూలు చేసే కోమటిని వూరు ఏమంటుంది? దీన్నే కంపెనీలు శాస్త్రీయమైన ధరల పద్ధతి అన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చింది. 1951 లో స్టాన్వాక్, బర్మా-షెల్ కంపెనీలతో శుద్ధి కర్మాగారాల ఒప్పందాలు కుదిరాయి. 1953 లో కాల్టెక్స్‌తో కుదిరింది. ఈ కర్మాగారాలను పాతికేళ్ళ పాటు జాతీయం చేయబోమని ప్రభుత్వం మాట ఇచ్చింది. మొదటి రెండూ ట్రాంబేలో లేచాయి. మూడోది 1957 లో మన విశాఖపట్నంలో లేచింది. ఇకనైనా పెట్రోలు మన వూళ్ళో తయారైన సరుకు అయింది గదా, ధర కూడా ఆ లెక్కనే వుండాలి గదా అని ఎవరికైనా తోస్తుంది. కాని ఒప్పందం ప్రకారం దిగుమతి సమాన ధర కట్టారు. ముడిచమురు ఓడలో వచ్చిన మాట నిజమే. దాని ఖర్చు వేరు. విశాఖలో మన కూలీలు, మన ఇంజనీర్లు తయారుచేసిన పెట్రోలుకు కూడా, అది విదేశంలోనే తయారై ఓడెక్కి వచ్చినట్టుగా ధర. రాని ఓడ మళ్ళీ వచ్చింది.

ఈ గోడకు మొదటి బీట వేసినవాడు చమురు మంత్రిగా పనిచేసిన కేశవదేవ్ మాలవీయ. 1956 లో చమురు, సహజవాయు కమిషన్ ఏర్పడింది. ఇండియాలో చమురు లేదని పడమటి కంపెనీల నిపుణులు చెబుతున్న రోజుల్లో సోవియట్, రుమేనియా నిపుణుల సాయంతో వెతికి, 1958 లో కాంబేలోనూ 1960 లో అంకలేశ్వర్‌లోనూ చమురు తీశారు. 1960 లో సోవియట్ యూనియన్ తక్కువ ధరకు ముడిచమురు ఇస్తానంటే, విదేశీ కంపెనీలు తమ కర్మాగారాల్లో దాన్ని శుద్ధి చేయడానికి నిరాకరించాయి. అయితే ఆ మాట బయటికి రాగానే ఒక అద్భుతం జరిగింది. ఇంతకాలం ఒక్క సెంటు కూడా తగ్గించలేమన్న ఆ కంపెనీలే ముడిచమురు మీద తగ్గింపులు ఇవ్వసాగాయి! 1959 లో పుట్టిన ఇండియన్ ఆయిల్ కంపెనీ సోవియట్ కిరసనాయిలూ డీజిలూ దిగుమతి చేసుకుంది. 1961 లో దామ్లే కమిటీ కంపెనీల ధరల లెక్కలు పరిశీలించి తగ్గింపులు సూచించింది. ప్రజల పక్షాన గట్టిగా బేరమాడే సంస్థ ఒకటి వుంటే ప్రకృతి నియమాలు ఎంత తొందరగా మారతాయో ఈ ఘట్టం చెబుతుంది.

ఇక 1973. ఆ ఏడాది అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చింది. గల్ఫ్ దేశాలు ముడిచమురు ప్రకటిత ధరను పీపాకు 3 డాలర్ల 1 సెంటు నుంచి 5 డాలర్ల 12 సెంట్లకు పెంచాయి. 1974 జనవరి 1 నుంచి అది 11 డాలర్ల 65 సెంట్లయింది. “అరబ్బు షేకులు ప్రపంచం గొంతు నులిమారు” అని పడమటి పత్రికలు గోలపెట్టాయి. ఇక్కడ కర్త దొరికాడు, నిజమే. ఆ గొంతుల వెనక చరిత్రను మాత్రం దాచారు. 1960 దశకంలో పడమటి ఐరోపాలో లీటరు పెట్రోలు అమ్మితే, దాన్ని కడుపులోంచి ఇచ్చిన దేశానికి దక్కేదానికన్న, కొన్నవాడి దేశపు ప్రభుత్వం పన్నుగా వసూలు చేసుకునేది ఎక్కువ. 1959, 60 లలో కంపెనీలు ప్రకటిత ధరలను తమంత తాము తగ్గించి, ఉత్పత్తి దేశాల ఆదాయానికి గండికొట్టినందుకు సమాధానంగానే 1960 సెప్టెంబరులో బాగ్దాదులో ఒపెక్ పుట్టింది. ఎవడు పెంచాడన్న ప్రశ్నతో బాటు, అంతకుముందు ఎవడు ఎవడికి తగ్గించి వుంచాడన్న ప్రశ్న కూడా వేయాలి.

అయితే ఆ న్యాయపోరాటంలో దెబ్బతిన్నవాళ్ళలో మనబోటి పేద దేశాలు ముందున్నాయి. అప్పటికి మనకు కావలసిన ముడిచమురులో ఎక్కువ భాగం బయటినుంచే రావాలి. ధరలు భగ్గుమన్నాయి. 1973 నవంబరులో ప్రతిపక్ష నాయకుడు అటల్ బిహారీ వాజ్‌పేయీ నిరసనగా ఎద్దుబండి మీద పార్లమెంటుకు వెళ్ళాడు. ఎస్సో కంపెనీని 1974 లో, బర్మా-షెల్‌ను 1976 లో ప్రభుత్వం తీసుకుంది. కాల్టెక్స్ వంతు కూడా వచ్చి, 1978 లో విశాఖ కర్మాగారం హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. దిగుమతి సమాన ధర పోయి, తయారీ ఖర్చుకు నిర్ణీత లాభం కలిపి ప్రభుత్వమే ధర నిర్ణయించే విధానం వచ్చింది. పెట్రోలు మీద ఎక్కువ తీసుకుని కిరసనాయిలు మీద తక్కువ తీసుకోవాలన్నది అందులోని సూత్రం. కారున్నవాడు, దీపపు బుడ్డి వున్నవాడికి కొంత చెల్లించాలి. ఈ సూత్రంలో తప్పు పట్టవలసింది లేదు.

కాని ఆ విధానాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం కూడా సరికాదు. కిరసనాయిలుకూ డీజిలుకూ మధ్య ధరలో వున్న అంతరమే కల్తీదార్లకు గని అయింది. పేదవాడి రేషను కిరసనాయిలు దారి మళ్ళి లారీ ట్యాంకుల్లోకి పోయింది. 2005 లో ఉత్తరప్రదేశ్‌లో కల్తీ బంకు మీద చర్య తీసుకోబోయిన ఇండియన్ ఆయిల్ యువ ఉద్యోగి మంజునాథ్‌నూ, 2011 లో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టరు సోనావణేనూ చంపేశారు. సర్కారు ధర నిర్ణయించినంత మాత్రాన న్యాయం ఇంటికి నడిచి రాదు. సరఫరా మీద ప్రజల నిఘా లేకపోతే, మంచి సూత్రం దొంగల పాలవుతుంది.

2002 ఏప్రిల్ 1 తో ఆ విధానానికి మంగళం పాడారు. 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిలు మీద ధర నిర్ణయం కంపెనీలకు వదిలేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధర ఏరోజు కారోజు మారసాగింది. ఇంకొక సంగతి పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. 2006 లో పెట్రోలు, డీజిళ్ళకు ఒక కొత్త లెక్కను ఆమోదించారు. అందులో 80 పాళ్ళు దిగుమతి సమాన ధర, 20 పాళ్ళు ఎగుమతి సమాన ధర. అంటే 1950 లలో వచ్చి 70 లలో వెళ్ళిపోయిన రాని ఓడ, తెరచాప మార్చుకుని మళ్ళీ రేవుకు చేరింది. ఈసారి దాన్ని తెచ్చినవాళ్ళు విదేశీ కంపెనీలు కారు.

ఇప్పుడు మన కాలపు అసలు ఘట్టానికి వద్దాం. 2014 మధ్యలో పీపా 110 డాలర్ల దగ్గరవున్న ముడిచమురు 2016 జనవరికి 30 డాలర్ల లోపుకు పడింది. గిరాకీ, సరఫరా సూత్రం నిజమైతే బంకు దగ్గర ధర కూడా ఆ మేరకు పడాలి. 2014 నవంబరు, 2016 జనవరి మధ్య కేంద్రం ఎక్సైజు సుంకాన్ని తొమ్మిదిసార్లు పెంచింది. పెట్రోలు మీద 11 రూపాయల 77 పైసలు, డీజిలు మీద 13 రూపాయల 47 పైసలు అదనంగా పడ్డాయి. 2020 లో మహమ్మారి వచ్చి ప్రపంచమంతా చక్రాలు ఆగినప్పుడు, ఏప్రిల్ 20 న అమెరికాలో ముడిచమురు ముందస్తు ధర సున్నకన్న కిందికి పోయింది. మే నెలలో మన దగ్గర పెట్రోలు మీద సుంకం లీటరుకు 32 రూపాయల 98 పైసలు, డీజిలు మీద 31 రూపాయల 83 పైసలు అయింది. 2014 లో ఈ అంకెలు 9 రూపాయల 48 పైసలు, 3 రూపాయల 56 పైసలు! చమురు ఉత్పత్తుల మీద కేంద్ర ఎక్సైజు ఆదాయం 2014-15 లో దాదాపు 99 వేల కోట్లు. 2020-21 లో 3 లక్షల 70 వేల కోట్లు దాటింది.

2021 ఫిబ్రవరి 16 న ఢిల్లీలో లీటరు పెట్రోలు 89 రూపాయల 29 పైసలు. ఆ లీటరును నాలుగు గిన్నెల్లోకి వంపి చూడండి. సరుకు ఖరీదు, రవాణా కలిసి సుమారు 32 రూపాయలు. కేంద్రం సుంకం సుమారు 33. రాష్ట్రం పన్ను ఇరవైన్నర. బంకు యజమాని కమిషను మూడు ముప్పావు దాకా. అంటే ఆనాడు సరుకు కన్న పన్ను బరువు.

ఇందులో మరొక కిటుకు వుంది. 2021 లో పెట్రోలు మీద కేంద్రం తీసుకున్న 32 రూపాయల 90 పైసల్లో మూల సుంకం రూపాయి 40 పైసలు మాత్రమే. మిగిలినదంతా ప్రత్యేక అదనపు సుంకం, రోడ్ల సెస్సు, వ్యవసాయ సెస్సు పేర్లతో వుంది. రాష్ట్రాలతో పంచుకోవలసింది ఆ రూపాయి 40 పైసల్లోంచే. సెస్సులో వాటా లేదు. పేరు మార్చడం వల్ల సంపద దారి ఎలా మారుతుందో సాహిత్య విద్యార్థులు గమనించాలి.

అలాగని రాష్ట్రాలు పాలు తాగే పిల్లలు కావు. తెలంగాణలో 2015 నుంచి పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నాటికి 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, దానికి తోడు రూపాయి రోడ్డు సెస్సు. పైగా శాతం లెక్క గనుక, కేంద్రం సుంకం పెంచితే ఆ పెరిగిన సుంకం మీద కూడా రాష్ట్రానికి పన్ను వస్తుంది. దెబ్బలాట ఢిల్లీతో, వసూలు మాత్రం ఉమ్మడిగా! 2017 లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు పెట్రోలు, డీజిళ్ళను దాని బయట వుంచడానికి ఉభయులూ ఒప్పుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

“పన్ను లేకపోతే మీ కాలేజీలు ఎలా నడుస్తాయి? మీ జీతాలు ఎక్కడినుంచి వస్తాయి?” అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఇంధనం మీద పన్నే వుండరాదని నేను అనను. గాలి పాడౌతున్న రోజుల్లో పెట్రోలు కారుచవక కావాలని కోరడం అభ్యుదయం అనిపించుకోదు. ప్రశ్న ఎంత పన్ను అన్నదొక్కటే కాదు, ఎవరి మీద అన్నది. షేరు ఆటో నడిపేవాడూ, కోటి రూపాయల కారులో తిరిగేవాడూ లీటరుకు ఒకే సుంకం చెల్లిస్తారు. 2019 సెప్టెంబరులో కంపెనీల ఆదాయపు పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఎనిమిది నెలలు తిరక్కుండా పెట్రోలు, డీజిలు మీద సుంకం ఆకాశానికెక్కింది. ఒక జేబులోంచి తీసి మరొక జేబులో పెట్టారు. రెండు జేబులూ ఒకే చొక్కాకు లేవు.

ధర తనంతట తానే మారుతుందన్న వాదానికి చివరి మేకు ఎన్నికలు కొట్టాయి. 2021 నవంబరులో సుంకం తగ్గించిన తరవాత, నాలుగు నెలలకు పైగా ధర కదలలేదు. ఆ మధ్యలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై ముడిచమురు వంద డాలర్లు దాటింది. అయినా కదలలేదు. ఉత్తరప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల ఎన్నికలు ముగిశాక, 2022 మార్చి 22 న మళ్ళీ కదిలింది. రోజూ మారవలసిన ధర ఓట్ల లెక్కింపు దాకా వూపిరి బిగబట్టుకుని కూచోగలిగిందంటే, దాని ముక్కు ఎవరో పట్టుకుని వుండాలి గదా!

ఇక వాహనం నడిపేవాడి సంగతి. ఆపద్ధర్మాలు ప్రతి కాలానికీ వున్నాయి. 1941 లో మన దేశంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు బస్సుల వెనక పీపా అమర్చి, అందులో బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపారు. క్లీనరు చెమటలు కక్కుతూ చక్రం తిప్పి గాలి వూదితేగాని బస్సు కదిలేది కాదు. 1974 లో అమెరికా గంటకు 55 మైళ్ళు దాటరాదని చట్టం చేసింది. 1973 చివరలో పశ్చిమ జర్మనీ, హాలండు దేశాల్లో ఆదివారాలు కార్లు నిషేధించారు. 1978 లో మన దేశంలో ఇంధన పొదుపు నేర్పడానికి ఒక సంఘమే స్థాపించారు.

ఆ పాఠాలు ఈనాటికీ పనికివస్తాయి. వేగం పెరిగినకొద్దీ గాలి అడ్డగింపు దాని వర్గం లెక్కన పెరుగుతుంది గనుక, నిలకడగా మధ్యస్థంగా పోయే బండి తక్కువ తాగుతుంది. టైర్లలో గాలి సరిగా వుండాలి. క్లచ్ మీద కాలు ఆనించి నడపరాదు. సిగ్నలు దగ్గర ఇంజను ఆపాలి. గాలి వడపోత శుభ్రంగా వుంచాలి. ఒకే దారిన పోయే నలుగురు నాలుగు బళ్ళు తీయనక్కర్లేదు. కాలేజీకి నాతోపాటు వచ్చే ఇద్దరు సహోద్యోగులం ఒకే బండిలో పోవడం మొదలుపెట్టాక ఖర్చు సగానికి తగ్గింది.

కాని ఇదంతా మాకు చెల్లింది, ఎందుకంటే మాకు బండి ఒక సౌకర్యం. ఆటో డ్రైవరుకు అది అన్నం. నేను తరచుగా ఎక్కే ఆటో యజమానిని పొదుపు మాట అడిగితే, “సారూ, ఇంజను ఆపుకుని కూచుంటే నూనె మిగులుతుంది, పొయ్యి కూడా ఆరుతుంది” అన్నాడు. అతను ఎక్కువ గంటలు నడుపుతాడు, ముగ్గురి చోట ఆరుగుర్ని ఎక్కిస్తాడు, మరమ్మత్తు వాయిదా వేస్తాడు. దీన్ని పొదుపు అనరు. ధర భారాన్ని తన వొళ్ళు అరగదీసీ, ప్రయాణీకుల ప్రాణాలు పణం పెట్టీ మోయడం అంటారు. లారీ యజమాని డీజిలు భారాన్ని బాడుగలో కలుపుతాడు. అది టమాటాలో, బియ్యంలో, సిమెంటులో కలిసి, బండి లేని ఇంటి తలుపు తడుతుంది. 2022 లో రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలూ డీజిలు సెస్సు పేరుతో టిక్కెట్టు మీద అదనంగా వసూలు చేశాయి. జన్మలో పెట్రోలు బంకు మెట్టు తొక్కని కూలిమనిషి కూడా ఆ రోజు డీజిలు పన్ను కట్టింది.

కాబట్టి “పెట్రోలు చవక చేయండి” అన్న ఒక్క నినాదంతో మన పని తీరదు. అది కారుల సంఘం కూడా ఇవ్వగల నినాదం. మనం అడగవలసినవి వేరే వున్నాయి: పెద్ద ఆదాయాల మీద, పెద్ద కంపెనీల మీద ప్రత్యక్ష పన్ను వేసి, పేదవాడి లీటరు మీద బరువు తగ్గించాలి. సెస్సుల ముసుగు తీసి రాష్ట్రాలకు వాటా ఇవ్వాలి. రాని ఓడకు బాడుగ ఎందుకు చెల్లిస్తున్నామో కంపెనీలు బహిరంగంగా లెక్క చెప్పాలి. అన్నిటికన్న ముఖ్యంగా, వూరూరికీ బస్సు కావాలి. వేళకు వచ్చే బస్సును మించిన ఇంధన పొదుపు ఏ ఇంజనీరూ కనిపెట్టలేదు.

అధ్యాపక మిత్రులకు ఒక సూచన. ధర మారిన రోజున, తరగతిలో పది నిమిషాలు తీసుకుని, ఒక లీటరు పెట్రోలును పైన చెప్పిన నాలుగు గిన్నెల్లోకి వంపించండి. అంకెలు విద్యార్థులనే తెమ్మనండి. ఏ గిన్నె ఎవరిదో, అందులో పోసిన చెయ్యి ఎవరిదో వాళ్ళే రాస్తారు. ఆ వాక్యాల్లో కర్త లోపించడు.